కట్ట తెగిందంట... ఎవరన్నారు? పౌర పాత్రికేయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడ సింగ్‌నగర్. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రెండో ఏట పౌర పాత్రికేయం ఐచ్ఛికంగా తీసుకుని బ్లాగు రాయడం నేర్చుకున్నాను, అప్పట్నుంచి మా పేట సంగతులు రాస్తున్నాను. మా కాలేజీ జూనియర్లు, గుంటూరు నుంచి రోజూ రైల్లో వచ్చే స్నేహితులు, మా వీధిలోవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులివి. కొన్ని పాఠంలో నేర్చుకున్నవి. ఎక్కువ భాగం తప్పు చేశాక నేర్చుకున్నవి.

పౌర పాత్రికేయం అంటే ఏమిటి? ఫోన్లో వీడియో తీసి పెట్టడమేనా?

జీతమిచ్చే పత్రికా ఛానలూ లేని మామూలు మనిషి, తాను బతుకుతున్న చోట జరిగినదాన్ని స్వయంగా చూసి, కనుక్కుని, సరిచూసుకుని నలుగురికీ చెప్పడం. ఇందులోంచి 'సరిచూసుకుని' అన్న ఒక్క మాట తీసేస్తే మిగిలేది అరుగు మీద కబురే. వీడియో తీయడం చూడటంలో ఒక భాగం. కనుక్కోవడం, సరిచూడటం దాని తర్వాత మొదలవుతాయి.

దక్షిణ కొరియాలో 2000లో ఓమైన్యూస్ అనే వెబ్ పత్రిక 727 మంది పౌర విలేకరులతో మొదలైంది. ప్రతి పౌరుడూ విలేకరే అన్నది వాళ్ల నినాదం. 2005 జులైలో లండన్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు, సొరంగంలో చిక్కుకున్న ప్రయాణికులు ఫోన్లతో తీసిన బొమ్మలే మొదట ప్రపంచానికి కనిపించాయి. మన దేశంలో 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో ఊళ్ల ఆడవాళ్లు ఖబర్ లహరియా నడపడం మొదలుపెట్టారు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో వచ్చిన సీజీనెట్ స్వర నాకు ఇంకా ఆశ్చర్యం. ఇంటర్నెట్ లేని అడవి పల్లెల వాళ్లు మామూలు ఫోన్ చేసి తమ గొంతుతో వార్త చెబుతారు, గోండీలో కూడా. చదవడం, రాయడం రానివాళ్లు కూడా విలేకరులు కాగలరని నాకు తెలిసింది వాళ్ల వల్లే.

మీకు ఇది ఎలా అలవాటైంది?

వరద వల్ల. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు తెల్లారేసరికి మా వీధిలోకి వచ్చాయి, మధ్యాహ్నానికి కింది వాటాల్లో మంచాలు తేలాయి. మేం పై అంతస్తులో ఉంటాం కాబట్టి కింది రెండు కుటుంబాలూ మా ఇంటికే వచ్చేశాయి. కరెంటు లేదు. ఫోన్లో ఛార్జింగ్ ఉన్న కాసేపు సందేశాలు చూసుకునేవాళ్లం.

నాలుగైదు రోజులకు నీళ్లు మెల్లగా దిగాయి. కింది ఇంటి తాతగారు వాకిట్లో బురద తోసుకుంటూ సామాన్లు ఎండబెట్టుకుంటున్నారు. ఆ సాయంత్రం మా బాబాయ్ నుంచి ఒక సందేశం వచ్చింది: 'బుడమేరు కట్ట మళ్లీ తెగిందంట, ఇంకో ఆరడుగులు వస్తాయంట.' నేను కంగారులో దాన్నే తిరగరాసి మా వీధి గ్రూపులో పెట్టాను: 'బుడమేరు కట్ట మళ్లీ తెగింది. ఆరడుగులు వస్తాయి. అందరూ పైకి వెళ్లండి.'

కట్ట తెగలేదు. చీకట్లో వీధంతా సామాన్లు, పిల్లలు, ముసలివాళ్లతో మెట్లెక్కింది. తాతగారు పాచిపట్టిన మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మర్నాడు సహాయానికి వచ్చినవాళ్లు ఆయన్ని ఫ్లైఓవర్ దాకా చేర్చి ఆస్పత్రికి పంపారు. తిరిగొచ్చాక వెళ్లి, 'తాతగారూ, ఆ మెసేజ్ పెట్టింది నేనే' అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. 'నువ్వు పెట్టావనే నమ్మానమ్మా' అన్నారు.

ఆ మాట తర్వాత నాకు చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. రెండు సందేశాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. బాబాయ్ రాసినదానిలో 'అంట' ఉంది. నా దాంట్లో లేదు. నేను అబద్ధం కల్పించలేదు, ఒక్క 'అంట' తీసేశానంతే. వదంతి నా చేతిలో వార్త అయిపోయింది.

అయితే 'అంట' అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. కానీ దాన్ని దాచకపోవడం మొదటి మెట్టు.

మన భాష మనకు గొప్ప సదుపాయం ఇచ్చింది. స్వయంగా చూస్తే 'పడింది' అంటాం. వింటే 'పడిందట', మా బెజవాడలో 'పడిందంట'. ఊహిస్తే 'పడి ఉంటుంది'. క్రియ చివర చిన్న మాటతోనే ఆ కబురు కంటితో చూసిందో చెవిన పడిందో మనసులో పుట్టిందో చెప్పేస్తాం. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎవరూ దీన్ని తప్పరు. మా అమ్మమ్మకు 'అంట' వినపడితే చాలు, వెంటనే 'ఎవరన్నారే?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నే పాత్రికేయం. నాకు ఆ పాఠం చెప్పిన మాస్టారు కూడా సెమిస్టరంతా వేరే వేరే పేర్లతో ఇదే చెప్పారు.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ మూడు గడులు గీస్తాను. ఒకటి చూసింది, ఒకటి విన్నది, ఒకటి అనుకున్నది. రెండో గడిలో ఎవరు చెప్పారో, వాళ్లు స్వయంగా చూశారో లేదో రాయాలి. పొరుగావిడ చెప్పింది ఆమె చూసినదేనా, ఆమెకూ ఇంకెవరో చెప్పిందా? రెండడుగులు వెనక్కి వెళ్తే చాలా కబుర్లు గాల్లో కలిసిపోతాయి. మూడో గడిలోది బయటికి వెళ్లదు. అది మళ్లీ వెళ్లి కనుక్కోవడానికి నాకు నేను రాసుకునే చీటీ.

పత్రికల్లోలాగా 'స్థానికులు ఆరోపిస్తున్నారు', 'విశ్వసనీయంగా తెలిసింది' అని రాయొచ్చా?

రాయకండి. అవి చదవడానికి నిండుగా ఉంటాయి, లోపల మనిషి ఉండడు. ఏ స్థానికులు? ఎంతమంది? 'తెలిసింది' అంటే ఎవరికి, ఎవరి వల్ల? మన తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. అది కవిత్వానికి బాగుంటుంది, వార్తకు ప్రమాదం. 'ఇంటి నంబరు చెప్పొద్దన్న ఒక గృహిణి, నిన్న ఉదయం 6 గంటలకు కుళాయి తిప్పితే నల్లటి నీళ్లు వచ్చాయని చెప్పారు. బిందెలో పట్టి ఉంచిన ఆ నీళ్లు నేను చూశాను' అని రాయండి. పొడవు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటాయి. 'నీకెలా తెలుసు' అనే ఏడో ప్రశ్నను నేను వాటికి కలుపుకున్నాను.

మా వీధిలో వార్తలేముంటాయి? ఏం రాయాలో తోచడం లేదు.

వరద దిగాక మా మాస్టారు నాకు ఒక పని చెప్పారు. 'వరద గురించి అందరూ రాస్తారు. నువ్వు మీ పేటలో గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కొలుచుకురా' అన్నారు. దర్జీ టేపు పట్టుకుని రెండు వారాలు తిరిగాను. మా వాకిట్లో 4 అడుగుల 7 అంగుళాలు. రెండు సందుల అవతల తలకు పైన. ఇటు రోడ్డెక్కితే మోకాలు లోతు. ఒకే పేట, ఒకే వరద, ఇంటింటికీ లెక్క వేరు.

కొలుస్తుంటే ఎవరూ అడక్కుండానే మాట్లాడేవారు. ఈ ఎత్తున మిషన్ ఉండేదని ఒకామె, ఈ అరలో పిల్లాడి సర్టిఫికెట్లు ఉండేవని ఇంకొకామె. 'మీ బాధ చెప్పండి' అని మైకు పెట్టి ఉంటే వాళ్లు అలా చెప్పేవారు కాదనుకుంటాను. టేపు పట్టుకోవడానికి ఒక చివర వాళ్ల చేతికిచ్చాను, అప్పుడు మాట కలిసింది.

కాబట్టి కొలవగలిగింది ఏదైనా ఉందేమో చూడండి. కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది. చెత్తబండి వారంలో ఎన్నిసార్లు వచ్చింది. వీధి దీపాల్లో ఎన్ని వెలుగుతున్నాయి. కుళాయి వేళలు 15 రోజులు వరసగా రాస్తే, ఒక రోజు కోపంగా రాసినదానికంటే ఎక్కువ మంది నమ్ముతారు.

ఇన్ని పేపర్లు, ఛానళ్లు ఉన్నాయి కదా. మనమెందుకు?

పేపరువాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. మన కృష్ణా గుంటూరు సీమలకు పత్రికల చరిత్ర పెద్దది. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. దాన్ని పెట్టినవాళ్లలో గుంటూరు కొండా వెంకటప్పయ్య గారొకరు. తర్వాత ముట్నూరి కృష్ణారావు గారు దశాబ్దాలపాటు దానికి సంపాదకులు. మండల కంట్రిబ్యూటరు ఎంత తక్కువ డబ్బుకు ఎంత తిరుగుతాడో మా బంధువుల్లో ఒకరిని చూసి నాకు తెలుసు.

అయితే ఒక విలేకరికి పదిహేను డివిజన్లు చూడాల్సి వస్తే ఆయన ఒక చోటికి వచ్చి వెళ్లగలడు, ఉండిపోలేడు. మనం ఉండిపోతాం. పూడికతీత మొదలైన రోజు ఫొటో పేపర్లో వస్తుంది. తీసిన మట్టి గట్టు మీదే ఉండిపోయి, రెండు వానలకు మళ్లీ కాలువలోకే జారిందని చెప్పగలిగేది ఆ గట్టున కాపురం ఉండేవాళ్లే. పేపరుతో పోటీ పడాలని చూడకండి. వాళ్లు వెళ్లిపోయిన తర్వాతి సంగతి రాయండి.

వరదకు కారణం ఫలానా అని నా అభిప్రాయం రాయొచ్చా?

రాయొచ్చు, అభిప్రాయమని తెలిసేలా. ముందు కారణాల దారి నడిచి రండి. మా వీధిలో 2024 వరదకు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవారు. గేట్లు ఎత్తేశారని కొందరు, ఆక్రమణలని కొందరు, కృష్ణమ్మ పొంగిందని కొందరు. నేనూ మొదట ఒకదాన్ని పట్టుకుని ఆవేశంగా రాసి, ప్రచురించే ముందు ఆగి మ్యాపు తెచ్చుకున్నాను.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరుంది, అంటే నీటిని ఆపి వదిలే గేట్లు. అక్కడి నుంచి నీటిని ఒక డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ ఛానల్ ఎడమగట్టుకు గండ్లు పడ్డాయి. నీరు పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్ వైపు వచ్చింది. ఆ పాత దారిలో ఇప్పుడు మా ఇళ్లున్నాయి. అదే సమయంలో కృష్ణ నిండుగా ఉంది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల కంటే ఎక్కువ. నది నిండితే దానిలో కలిసే కాలువకు పారే వాలు ఉండదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఇవన్నీ ఒక క్రమంలో పెట్టి చూశాక, నా ఆవేశపు వ్యాసంలో ఒక్క వాక్యమే నిలబడింది. దాన్నే ఉంచుకుని మిగతాది కొత్తగా రాశాను.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, వీడియో నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది?

మొదట గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే బొమ్మ పాత తేదీతో ఎక్కడైనా కనిపిస్తే పని అక్కడితో అయిపోతుంది. వీడియో అయితే ఒకటి రెండు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీసి వెతకండి. దొరకకపోతే కొత్తదని అర్థం కాదు, ఇంకా చూడాలని అర్థం.

ఆ తర్వాత ఊరిని అడగండి. ఇక్కడ స్థానికులకు ఉన్న బలం ఏ యాప్‌కూ లేదు. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తిన బొమ్మ 2009ది, 2024ది ఒకేలా ఉంటాయి. కానీ ఇంద్రకీలాద్రి వైపు తీసినదైతే కొండ కింద కనకదుర్గ ఫ్లైఓవర్ కోసం చూడండి. అది 2020 అక్టోబరులో ప్రారంభమైంది. వంతెన ఉండాల్సిన చోట లేకపోతే ఆ ఫొటో నిన్నటిది కానే కాదు. దుకాణం బోర్డు మీద జిల్లా పేరు చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, పాత బోర్డుల మీద కృష్ణా జిల్లా అనే ఉంటుంది. ఒక్క బోర్డుతో తీర్పు చెప్పొద్దు, చాలామంది మార్చలేదు. ఆటో మీద సినిమా పోస్టరు, గోడ మీద ఎన్నికల రాత, జనం మాటల్లో యాస, అన్నీ సాక్ష్యాలే.

చివరగా, ఆ చోట ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. చాలాసార్లు ఇదే అన్నిటికంటే త్వరగా అవుతుంది, ఎందుకో ఎవరూ దీన్ని మొదట చేయరు. ఆ రోజు నేనూ చేయలేదు.

మాది గుంటూరు. కుళాయిలో రంగునీళ్లు వస్తున్నాయి. ఫొటో పెడితే చాలా?

మీ ఊళ్లో ఈ విషయం ఎంత బరువైందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 మార్చిలో ఆనందపేట ప్రాంతంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అందుకే దీన్ని జాగ్రత్తగా రాయాలి, ఆలస్యం చేయకుండానూ రాయాలి.

ఫొటో వల్ల నీళ్లు రంగుగా ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. తేటగా కనిపించే నీళ్లలోనూ క్రిములు ఉండొచ్చు, ఎర్రగా ఉన్న నీళ్లు పైపు తుప్పు కావచ్చు. 'కలుషితం' అనే మాట వాడాలంటే పరీక్ష కావాలి. అన్నిటికంటే తేలిక పరీక్ష క్లోరిన్‌ది. క్లోరోస్కోప్ అనే చిన్న డబ్బా ఉంటుంది. గొట్టంలో కుళాయి నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నంత మేరకు పసుపు రంగు వస్తుంది. డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. తాగునీటి ప్రమాణం ప్రకారం చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగే రాకపోతే అది వార్త. ఏ వీధి, ఏ కుళాయి, ఎన్ని గంటలకు అన్నది రాయండి. నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ సిబ్బందికి అదే రోజు ఫిర్యాదు ఇచ్చి, దాని నంబరు కూడా రాయండి. పైపు డ్రైనేజీ పక్కనుంచి వెళ్తుంటే ఆ చోటు ఫొటో తీయండి. మీ వీధివాళ్లను కాచి చల్లార్చి తాగమని ముందే చెప్పండి. ఆ మాట చెప్పడానికి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఆఫీసుల్లో మాకెవరు చెబుతారు? విద్యార్థులం కదా.

విద్యార్థి అయినా సరే, సమాచార హక్కు చట్టం ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. తెల్లకాగితం మీద తెలుగులో రాయొచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై వాటికి 10 రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు రుసుము అక్కర్లేదు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు.

నా మొదటి దరఖాస్తుకు పనికొచ్చే జవాబు రాలేదు. 'మా వీధి కాలువ ఎందుకు బాగుచేయలేదు?' అని అడిగాను. 'ఎందుకు' అన్నదానికి వాళ్ల దగ్గర కాగితం ఉండదు, చట్టం ఇప్పించేది కాగితాన్నే. రెండోసారి ఇలా అడిగాను: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా కాలువ పూడికతీత పనికి సంబంధించిన ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం-బుక్ నకళ్లు ఇవ్వగలరు. ఎం-బుక్ అంటే ఇంజినీర్లు చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకం. బిల్లు దాన్ని బట్టే అవుతుంది. అందులో రాసిన పొడవు మీ కాలువ పొడవుతో సరిపోతుందో లేదో మీరే టేపుతో చూసుకోవచ్చు. సరిపోతే ఆ సంగతీ రాయాలి. మాది సరిపోయింది, నేను రాశాను. ఆ పని చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు తర్వాత నా ఫోన్ ఎత్తడం మొదలుపెట్టారు.

కేసులు పెడతారా?

భయపెట్టడానికి చెప్పడం లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. మాట్లాడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది, సహేతుకమైన పరిమితులతో. ఆన్‌లైన్ రాతల మీద విచ్చలవిడిగా వాడుతూ వచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఇప్పటికీ ఎవరైనా ఆ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తే ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

పరువునష్టం మాత్రం ఉంది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో. ప్రజా ప్రయోజనం కోసం చెప్పిన నిజానికి అందులో మినహాయింపు ఉంది. కానీ నిజమని చూపించాల్సింది మనమే. అందుకే నోట్‌బుక్, ఫొటో అసలు ఫైళ్లు, కాల్ తేదీలు దాచుకోవాలి. 'దొంగ' అని రాయకండి, 'ఎం-బుక్‌లో 120 మీటర్లు ఉంది, కాలువ 80 మీటర్లు ఉంది' అన్నట్టు రాయండి. విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ప్రకారం, విపత్తు గురించి జనాన్ని హడలగొట్టే తప్పుడు హెచ్చరిక ఇచ్చినా, దాన్ని పంచినా ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఆ సెక్షన్ చదివిన రోజు తాతగారి చెయ్యి గుర్తొచ్చింది. నేను తెలిసి చేయలేదు, అయినా చెయ్యి విరిగింది.

ఎవరి పేరు, ఎవరి ఫొటో పెట్టకూడదు?

లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, బంధువులు, గుర్తుపట్టగల ఏ వివరమూ పెట్టకూడదు. పిల్లలైతే పోక్సో చట్టం ఇంకా కఠినంగా చెబుతుంది. ఇవి చట్టం గీసిన గీతలు. నేను గీసుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. అన్నం పొట్లం కోసం చెయ్యి చాచిన మనిషి ముఖం పెట్టను. వరదలో మా అమ్మ కూడా అలా చెయ్యి చాచింది. ఆ క్షణం ఫొటో ఎవరో తీసి పెట్టారు, బంధువులందరికీ వెళ్లింది. అమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తదు. శవాన్ని చూపించను. పిల్లల ముఖం, తల్లిదండ్రులు సరేనన్నా, ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

బండి మీద 'ప్రెస్' అని అతికించుకోవచ్చా?

వద్దు. మనం ప్రెస్ కాదు, ఆ వీధి మనుషులం. విలేకరులకు అక్రిడిటేషన్, అంటే గుర్తింపు కార్డు, ఇచ్చేది ప్రభుత్వ సమాచార శాఖ. ఆ స్టిక్కరు చూపించి చిన్న దుకాణాల దగ్గర డబ్బులు గుంజేవాళ్ల వల్ల మా పేటలో నోట్‌బుక్ తీస్తే చాలు జనం తలుపులు వేసుకునేవారు. నేను పేరు, ఇంటి గుర్తు చెప్పుకుని మాట్లాడతాను. 'ఫలానా వాళ్ల అమ్మాయివా' అంటారు. ఆ మాట కార్డుకంటే ఎక్కువ తలుపులు తీసింది.

తప్పు రాస్తే ఏం చేయాలి?

ఒకసారి, వరద రోజుల్లో పాల ప్యాకెట్టు రెట్టింపు ధరకు అమ్మాడని ఒక దుకాణదారు గురించి రాశాను. పేరు పెట్టలేదు, కానీ సందు పేరు పెట్టాను. ఆ సందులో దుకాణం ఒకటే. ఆయన్ని అడగలేదు. ధర నిజమే. ఆ పాలు తేవడానికి ఆయన ప్రైవేటు పడవకు ఎంతిచ్చాడో, చంటిపిల్లలున్న ఇళ్లకు డబ్బు తీసుకోకుండా ఎన్ని ఇచ్చాడో నాకు తెలియదు, అడగలేదు కాబట్టి. తెలిశాక వెళ్లి క్షమాపణ అడిగాను. 'ఆ రోజే అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా' అన్నాడు.

సవరణ పైన పెట్టాలి, అడుగున కాదు. ఏ తేదీన ఏం తప్పు రాశామో, నిజమేమిటో అదే మాటల్లో చెప్పాలి. పాతదాన్ని గుట్టుగా చెరిపేయకూడదు. తప్పు ఏ గ్రూపుల్లోకి వెళ్లిందో ఆ గ్రూపులన్నిట్లోకీ సవరణ కూడా పంపాలి. నేను ఆ కాగితం ప్రింటు తీసి ఆయన దుకాణంలో ఇచ్చాను. ఆయన అది గోడకు అంటించాడు. నేను ఇప్పటికీ పాలు అక్కడే కొంటాను. ఎవరి గురించి రాసినా మర్నాడు పొద్దున వాళ్ల ముఖం చూడాలి, పేట మనిషికి ఉన్న కష్టం ఇదే. మనల్ని నిజాయితీగా ఉంచేదీ ఇదే.

అక్కా, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లకు గొడవలెందుకు అంటున్నారు.

మా ఇంట్లోనూ అన్నారు. వాళ్ల భయంలో నిజం లేకపోలేదు. ఇసుక, భూములు, మద్యం జోలికి ఒంటరిగా వెళ్లొద్దని నేనూ చెబుతాను, అబ్బాయిలకు కూడా. అలాంటివి తెలిస్తే అనుభవమున్న విలేకరికి, న్యాయవాదికి చెప్పండి. సొంత ఫోన్ నంబరు బయట పెట్టకండి. ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి వెళ్లండి. అమ్మను ఒకసారి వెంట తీసుకెళ్లండి. మా అమ్మ కొలతల రోజుల్లో టేపు పట్టుకోవడానికి వచ్చి, నాకు ఎవరూ చెప్పని సంగతులు వంటగదుల్లోంచి తెచ్చింది. ఆ తర్వాత గొడవలెందుకు అనలేదు.

తెలుగులో టైపు చేయడం రాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే?

మీ వీధివాళ్లు చదవాలంటే తెలుగు లిపిలోనే రాయండి. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే వారంలో చెయ్యి తిరుగుతుంది. చెబితే రాసే సదుపాయమూ ఉంది, ఊరి పేర్లు మాత్రం తప్పుగా పడతాయి, సరిచూడండి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించకండి. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లూ గుర్తుపట్టే తెలుగు అక్షరాలు కావు, రేపు ఎవరైనా 'సింగ్‌నగర్ కాలువ' అని వెతికితే దొరకదు. దొరకని వార్త పదేళ్ల తర్వాత లేనట్టే.

డబ్బులొస్తాయా?

నాకు రాలేదు.

ఎంతమంది చదువుతారు?

ఎక్కువసార్లు 40, 50 మంది. మొదట్లో దిగులుగా ఉండేది. అయితే ఆ 40 మందీ ఆ కాలువ పక్కనే ఉండేవాళ్లు. నీటి మరకల కొలతలు మాత్రం చాలా దూరం వెళ్లాయి. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన వచ్చి, తన స్థలం పక్క గోడ మీద ఎంత పడిందో అడిగి తెలుసుకుని పునాది ఎత్తు పెంచుకున్నాడు.

ఇప్పుడు ఏం రాస్తున్నారు?

మా మూల మీది కల్వర్టు. ప్రతి ఆదివారం పొద్దున 7 గంటలకు కల్వర్టు పలక అంచు నుంచి నీటి మట్టం దాకా తాడు వదిలి కొలుస్తాను. పక్కనే ఒక రాతికి పెయింటుతో గుర్తు పెట్టాను. కొలత, ముందు రోజు వాన పడిందా లేదా, కాలువలో చెత్త ఎక్కడ అడ్డుపడింది, అంతే, నాలుగు వాక్యాలు. కింది ఇంటి తాతగారు మణికట్టు కట్టు విప్పాక నాతోపాటు వస్తున్నారు. నేను తాడు వదిలితే ఆయన అంకె చదువుతారు. పోయిన వారం నాకు జ్వరమొచ్చి వెళ్లలేకపోతే, ఆయనే వెళ్లి కొలిచి కాగితం మీద రాసి తెచ్చారు: '3 అడుగుల 2 అంగుళాలు. నేనే చూశాను.'